కొట్టంలో గడ్డి ఉంటేనే కొండ మీద మేత

స్విస్ కొండ పల్లెలో వేసవి వెళ్ళిపోయే రోజులు

సెప్టెంబరు సగమయ్యేసరికి మన దగ్గర ఇంకా వానలు ఆగవు. మెట్టన పత్తి కాయ పట్టే దశలో ఉంటుంది, పల్లాన వరికి రెండో దఫా ఎరువు వేసే పని నడుస్తుంటుంది. సరిగ్గా అప్పుడే స్విట్జర్లాండు కొండల్లో వేసవి ముగిసిపోతుంది. జూన్లో పైకి తోలిన ఆవుల మందలు గంటలు మోగించుకుంటూ కిందికి దిగుతాయి. రెండో కోత గడ్డి కొట్టాల్లోకి చేరుతుంది. ఇంకో నెల తిరక్కుండానే పై కొండల్లో మంచు పడుతుంది.

స్విట్జర్లాండు అనగానే మనవాళ్ళకు గుర్తొచ్చేది సినిమా పాట. పచ్చటి వాలు, వెనక మంచుకొండ, ముందు హీరో హీరోయిన్ల పరుగు. ఆ పచ్చిక ఎవరిది, దాన్ని ఏడాదికి ఎన్నిసార్లు కోస్తారు, కోసిన గడ్డిని ఎన్ని నెలలు సర్దుకుంటారు అన్నది పాటలో ఉండదు. నిజానికి అక్కడిది కూడా చిన్న కమతాల సేద్యమే. ఆ దేశంలో ఇప్పుడున్న సేద్య కుటుంబాలు 50 వేలకు లోపే. కొండ ప్రాంతాల్లో నిటారు వాలుల మీద ట్రాక్టరు నిలబడదు.

ఆ దేశపు నైరుతి మూలన వాలే అనే రాష్ట్రం ఉంది. అందులో ఫిస్ప్ అనే పట్నానికి ఎగువన కొండ వాలు మీద టోర్బెల్ అనే పల్లె ఉంది. సముద్ర మట్టానికి 1500 మీటర్ల ఎత్తు. జనం సుమారు 500 మంది. మన లెక్కన చిన్న శివారు గ్రామం. కానీ ఉమ్మడి పచ్చిక బయళ్ళ గురించి ప్రపంచంలో ఎక్కడ చదువు చెప్పినా ఈ పల్లె పేరు రాక తప్పదు. రాబర్ట్ నెట్టింగ్ అనే అమెరికా పండితుడు ఈ ఊళ్ళో ఉండి, పాత కాగితాలన్నీ తిరగేసి 1981లో ఒక పుస్తకం అచ్చు వేయించాడు. ఆ తర్వాత ఎలినార్ ఓస్ట్రోమ్ అనే ఆమె 1990లో రాసిన పుస్తకంలో ఈ ఊరినే ముఖ్యమైన ఉదాహరణగా చూపింది. ఆమెకు 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ శాస్త్రంలో ఆ బహుమతి అందుకున్న మొదటి మహిళ ఆమే.

ఒకే రైతు, మూడు ఎత్తుల్లో పొలం

టోర్బెల్ రైతు భూమి ఒక్కచోట ఉండేది కాదు. లోయ అడుగున వెచ్చగా ఉండే చోట కాస్త ద్రాక్షతోట, ఊరి చుట్టూ రై ధాన్యం, బంగాళదుంప, గడ్డి మళ్ళు. ఊరికి పైన అడవి, అడవికి పైన సుమారు 2000 మీటర్ల ఎత్తులో ఉమ్మడి పచ్చిక బయలు. ఆస్తి పంపకంలో కొడుకులతో పాటు కూతుళ్ళకూ సమాన వాటా ఇచ్చే ఆచారం కాబట్టి తరతరానికీ ముక్కలు పెరిగాయి. పది చోట్ల పది చారెడు మళ్ళు ఉండటం అక్కడ వింత కాదు. ఇల్లు కూడా అంతే. ఒకే చెక్క ఇంట్లో కింది అంతస్తు ఒక అన్నది, పై అంతస్తు తమ్ముడిది.

వాలు ఎంత నిటారుగా ఉంటుందంటే దున్నినప్పుడల్లా మట్టి కిందికి జారేది. జారిన మట్టిని వసంతకాలంలో గంపలకెత్తి మళ్ళీ చేను పైగట్టుకు మోసేవారు. మగవాళ్ళూ ఆడవాళ్ళూ అందరూ మోసేవారు. మన తూర్పు కనుమల్లో పోడు సేద్యం చేసే గిరిజన సోదరులకు ఈ బాధ చెప్పనక్కర్లేదు.

వేసవి చివర్లో అన్నిటికన్నా పెద్ద పని గడ్డి. మొదటి కోత జూన్, జూలైల్లో అయిపోతుంది. ఆగస్టు, సెప్టెంబరులో వచ్చేది రెండో కోత. ఇది పొట్టిగా, మెత్తగా, ఆకు ఎక్కువగా ఉంటుంది. పాలిచ్చే ఆవులకు మంచిదని అక్కడి రైతులు దీన్ని జాగ్రత్తగా విడిగా పెట్టుకుంటారు. కోసింది ఆరాలంటే రెండు మూడు రోజులు గట్టి ఎండ కావాలి. తిరగేసి తిరగేసి ఆరబెట్టాలి. మధ్యలో వాన పడితే గడ్డి నల్లబడి బూజు పడుతుంది. మనకు వేరుశనగ పీకి ఓదెలు వేసినప్పుడు ఆకాశం వంక చూసే చూపు, వాళ్ళకు సెప్టెంబరులో ఉంటుంది. సమతలంగా ఉన్నచోట యంత్రం కోస్తుంది. నిటారు వాలు మీద ఈనాటికీ పొడుగు పిడి కొడవలి పట్టాల్సిందే.

ఎందుకింత ఆత్రం? లెక్క చూడండి. నవంబరు నుంచి మే దాకా, అంటే సుమారు 200 రోజులు, పశువు కొట్టం దాటి మేతకు పోదు. పెద్ద ఆవుకు రోజుకు 15 కిలోల ఎండుగడ్డి అనుకున్నా ఒక్క ఆవుకే 3 టన్నులు కావాలి. నాలుగు ఆవులుంటే 12 టన్నులు. ఇదంతా వేసవిలో చేతికి రావలసిందే. గడ్డి తరిగిపోతే ఫిబ్రవరిలో ఏ వాగు గట్టుకూ తోలుకుపోయే వీలుండదు. గట్లన్నీ మంచు కిందే.

అనంతపురం లాంటి చోట కాలువ

మంచుకొండల దేశం కదా, నీళ్ళకేం కరువు అనుకుంటాం. కానీ వాలే లోయకు రెండు వైపులా ఎత్తైన కొండలు అడ్డం ఉండటంతో మబ్బులు అటూ ఇటూ కురిసి లోయలోకి వట్టిగా వస్తాయి. ఫిస్ప్ చుట్టుపక్కల ఏడాదికి 600 మిల్లీమీటర్ల లోపే వాన పడే చోట్లున్నాయి. మన అనంతపురం కన్నా కాస్త మెరుగు, అంతే. అందుకని వందల ఏళ్ళ కిందటే ఎగువన కరిగే మంచునీటిని కొండ చరియల వెంట కాలువలు తీసి మళ్ళకు మళ్ళించారు. బండ నిలువుగా ఉన్న చోట చెక్కతో దోనెలు చేసి బండకు వేలాడదీశారు. ఆ పనిలో ప్రాణాలు పోయినవాళ్ళూ ఉన్నారు.

నీటి వంతులకు కాగితం లేదు. చెక్క పుల్లల మీద గాట్లు. ఒక్కొక్క ఇంటికి ఒక్కో గుర్తు, ఆ గుర్తు పక్కన ఎన్ని గంటల నీరో తెలిపే గాటు. కొండ మీద ఎన్ని ఆవులు తోలవచ్చో కూడా అలాంటి పుల్లల మీదే చెక్కిన ఊళ్ళున్నాయి. చదువు రానివాడు కూడా వేలితో తడిమి తన వంతు చెప్పగలడు. మన చెరువు కింద నీరటి కాడు గట్టు మీద నిలబడి వంతుల ప్రకారం తూము తీసినట్టే వాళ్ళకూ కాలువ చూసే మనిషి ఉండేవాడు. ఇలాంటి పాత సాగునీటి పద్ధతులను 2023 డిసెంబరులో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. స్విట్జర్లాండుతో పాటు మరి కొన్ని ఐరోపా దేశాల పద్ధతులు కూడా అందులో ఉన్నాయి. కొండ మీద వేసవి మేపు ఆచారమూ అదే నెలలో అదే జాబితాకు ఎక్కింది.

1517 నాటి కట్టుబాటు

ఇక అసలు విషయానికి వద్దాం. 1483లో టోర్బెల్ ఊరివాళ్ళు కూర్చుని ఒక కట్టుబాటు రాసుకున్నారు. కొండ మీది మేత, అడవి, కాలువ, బీడు అందరివీ. వీటిని చూసుకోవడానికి ఊరివాళ్ళదే ఒక సంఘం. బయటి మనిషి ఊళ్ళో భూమి కొన్నంత మాత్రాన ఉమ్మడి మేత మీద గానీ, అడవిలో కలప మీద గానీ అతనికి హక్కు రాదు. ఈ చివరి మాటను ఇవాళ మన రోడ్డు పక్క ఊళ్ళ రైతులు రెండుసార్లు చదువుకోవాలి.

1517లో ఇంకో నియమం వచ్చింది. ఏ రైతయినా తాను చలికాలమంతా సొంత గడ్డితో మేపగలిగినన్ని ఆవులనే వేసవిలో కొండకు తోలాలి. అంతకు మించి ఒక్కటి కూడా తోలరాదు.

చూడటానికి చిన్న మాటే. కానీ ఇందులో ఎంత తెలివి ఉందో చూడండి. కొండ మీద మేత ఉచితం. ఉచితం కదా అని డబ్బున్నవాడు వసంతకాలంలో 20 ఆవులు కొని, వేసవంతా ఊరి సొమ్ముతో మేపి, చలి రాగానే సంతలో అమ్ముకుంటే? రెండు ఆవుల వాడికి మిగిలేది బండలే. ఈ నియమంతో ఆ దారి మూసుకుపోయింది. కొండ మీది వాటా ఇంటి కొట్టంలో ఉన్న గడ్డికి ముడిపడింది. కొట్టంలో గడ్డి ఎంతో ఇరుగు పొరుగుకు తెలుసు, దాచలేడు. వేరే కొలత, సర్వే, ఆఫీసరు ఏదీ అక్కర్లేదు.

తప్పు చేసినవాడికి జరిమానా గట్టిగా ఉండేది. జరిమానా వేయడానికి సంఘం ఒక మనిషిని పెట్టింది. వసూలైన దాంట్లో సగం అతనిదే. ఇక అతను ఎవరికి మొహమాటపడతాడు? మన బందెలదొడ్డి రోజుల్లో చేలో పడ్డ పశువును తోలుకొచ్చి కట్టేసేవాడికి కూడా ఇలాంటి లాభం ఏదన్నా ఉండి ఉంటే ఆ దొడ్లు ఇంకొన్నాళ్ళు నడిచేవేమో.

గారెట్ హార్డిన్ అనే శాస్త్రవేత్త 1968లో ఒక వ్యాసం రాశాడు. ఉమ్మడి మేత భూమి అంటే పాడుపడి తీరుతుంది, ప్రతివాడూ ఇంకో పశువు, ఇంకో పశువు అని తోలుతాడు అన్నది ఆయన వాదన. దాన్ని పట్టుకుని ఉమ్మడి భూమి అంటే సర్కారు తీసేసుకోవాలి, లేదంటే ముక్కలు చేసి ఎవరిది వాళ్ళకు ఇచ్చేయాలి అన్నవాళ్ళు చాలామంది బయల్దేరారు. ఓస్ట్రోమ్ దీనికి టోర్బెల్ ను చూపించి జవాబిచ్చింది. ఆ ఊరివాళ్ళకు సొంత భూమి అంటే ఏమిటో బాగా తెలుసు. చేను సొంతం, తోట సొంతం, గడ్డిమడి సొంతం. కొండ మీది మేతను, అడవిని మాత్రం తెలిసే ఉమ్మడిగా ఉంచుకున్నారు. అక్కడ గడ్డి ఒక ఏడు ఒకచోట వస్తుంది, ఇంకో ఏడు ఇంకోచోట. ముక్కలు చేసి కంచె వేస్తే ఎవరికీ చాలదు. అయిదు వందల ఏళ్ళ పైచిలుకు ఆ కొండ పాడుపడలేదు.

మన ఊళ్ళలోనూ పశువుల మేతకని వదిలిన భూములుండేవి. ఆంధ్రాలో మేత పోరంబోకు అన్నా, తెలంగాణలో గైరాన్ అన్నా అదే. వాటిలో ఎంత మిగిలిందో, ఎవరి చేతుల్లో మిగిలిందో ఊళ్ళో ముసలివాళ్ళను అడిగితే వేలు పెట్టి చూపిస్తారు. గొర్రెల కాపరులు ఇవాళ వందల కిలోమీటర్లు మందలు తోలుకుని తిరగడం ఊరికే కాదు.

చీటీల మీద చీజ్ పంపకం

కొండ మీదికి ఎక్కిన ఆవులు సుమారు 100 రోజులు అక్కడే ఉంటాయి. నలుగురైదుగురు పనివాళ్ళు రాళ్ళ గుడిసెలో ఉండి రెండు పూటలా పాలు పితుకుతారు. అక్కడి నుంచి రోజూ పాలు కిందికి మోయలేరు. అందుకని అక్కడే చీజ్ చేస్తారు. ఇది మన ముర్రుపాల జున్ను కాదు. పెద్ద రాగి కాగులో పాలు గోరువెచ్చగా కాచి, తోడు మందు వేసి గడ్డకట్టించి, తీగల చట్రంతో నలగ్గొట్టి, మళ్ళీ కాచి, బట్టలో ఎత్తి బరువు పెట్టి వత్తుతారు. బండి చక్రంలా గుండ్రంగా వస్తుంది. ఉప్పునీళ్ళలో ముంచి, ఆ తర్వాత నెలల తరబడి ఉప్పునీటి గుడ్డతో తుడుస్తూ తిరగేస్తూ అటకల మీద మాగబెడతారు. మిగిలిన విరుగు నీళ్ళు పందులకు. సుమారు 10 లీటర్ల పాలకు ఒక కిలో చీజ్ వస్తుంది. ఆవు రోజుకు 15 లీటర్లు ఇచ్చిందనుకుంటే 100 రోజులకు 150 కిలోలు. పాడైపోయే పాలు ఏడాది నిలవుండే సరుకుగా మారిందన్నమాట.

మరి అందరి ఆవుల పాలూ ఒకే కాగులో పడ్డాక ఎవరి చీజ్ ఎవరిది? దీనికి బెర్న్ రాష్ట్రంలో తూన్ చెరువుకు ఎగువనున్న యూస్టిస్టాల్ లోయలో మంచి పద్ధతుంది. ఏటా సెప్టెంబరులో వేసవి మేపు ముగిసిన రోజున అక్కడ చీజ్ పంపకం జరుగుతుంది. అటకల మీది చక్రాలన్నీ బయటికి తెచ్చి గడ్డి మీద దొంతరలు పేరుస్తారు. ఎవరి ఆవులు ఎన్ని పాలిచ్చాయో లెక్క కట్టి ఎన్ని వాటాలో తేలుస్తారు. ఏ దొంతర ఎవరిదో మాత్రం చీటీ తీయాల్సిందే. మంచి చక్రం పెద్దమనిషికి, పగిలిన చక్రం పేదవాడికి పోయే ప్రసక్తే లేదు. చూడటానికి పట్నాల నుంచి కూడా జనం వస్తారు.

టోర్బెల్ లో వంటచెరకు కూడా ఇలాగే పంచేవారు. ఏ చెట్టు కొట్టవచ్చో అడవి చూసేవాళ్ళు గుర్తు పెడతారు. ఇళ్ళవాళ్ళు జట్లుగా కలిసి కొట్టి, సమానంగా కుప్పలు వేస్తారు. కుప్పలు వేశాకే చీటీ. ఏ కుప్ప తనకు పడుతుందో కొట్టేటప్పుడు ఎవరికీ తెలియదు కాబట్టి అన్ని కుప్పలూ సమానంగానే ఉంటాయి!

మంద దిగే రోజు

మంద దిగే రోజు ఊరికి పండుగే. ఆవుల మెడకు మామూలు గంటలు తీసి, బిందెలంత పెద్ద గంటలు కడతారు. కొమ్ములకు, తలకు పూలు, దేవదారు కొమ్మలు. బాగా పాలిచ్చిన ఆవుకు గొప్ప అలంకారం. కారు రోడ్డు మీద మంద నడుస్తుంటే వెనక కార్లన్నీ ఆగి నిలబడాల్సిందే. మన ఏరువాక పున్నానికి, సంక్రాంతి కనుమకు ఎద్దులకు చేసే సింగారం చూసినవాళ్ళకు ఇది కొత్తగా తోచదు.

వాలే రాష్ట్రంలో ఎరింగర్ అనే నల్లటి, పొట్టి, బలిసిన మెడ ఆవులున్నాయి. కొండకెక్కిన మొదటి రోజునే అవి తలలు ఢీకొట్టి ఎవరిది పెద్దరికమో తేల్చుకుంటాయి. గెలిచిన ఆవును రాణి అంటారు. వేసవంతా మంద ముందు నడిచేది అదే. ఆ దేశపు తూర్పు భాగంలో ఉండే బ్రౌన్ స్విస్ జాతి మనవాళ్ళకూ పరిచయమే. 1963లో కేరళలోని మాడుపట్టిలో ఇండో స్విస్ ప్రాజెక్టు పెట్టి, అక్కడి నాటు ఆవులకు ఈ రక్తం ఎక్కించారు. కేరళలో ఇవాళ కనిపించే సునందిని ఆవు అలా వచ్చిందే.

ఇవాళ్టి సంగతి

ఇదంతా ఇప్పటికీ అచ్చంగా అలాగే ఉందనుకుంటే పొరపాటు. టోర్బెల్ మగవాళ్ళు చాలాకాలంగా కింద ఫిస్ప్ లోని రసాయన ఫ్యాక్టరీకి పనికి పోతున్నారు. సేద్యం పొద్దున, సాయంత్రం, సెలవు రోజుల పని అయింది. దేశం మొత్తం మీద 1990లో దాదాపు 93 వేలున్న సేద్య కమతాలు 2022 నాటికి 48 వేలకు దిగాయి. మిగిలినవాళ్ళు నిలబడటానికి సర్కారు నేరుగా ఇచ్చే డబ్బే పెద్ద ఆసరా. కొండ మీదికి పశువులు తోలినందుకు కూడా డబ్బిస్తారు. అయితే ఏ కొండ ఎన్ని పశువులను మోయగలదో ముందే లెక్క కట్టి ఉంచుతారు. మరీ మించి తోలితే డబ్బు కోస్తారు. తక్కువ తోలినా తగ్గిస్తారు. మేసేవి లేకపోతే పొదలు పెరిగి రెండు పదుల ఏళ్ళలో పచ్చిక అడవి అయిపోతుంది. 1517 నియమమే వేరే వేషంలో ఉందన్నమాట.

కొత్త కష్టాలూ ఉన్నాయి. పూర్తిగా అంతరించిందనుకున్న తోడేలు 1995లో ఇటలీ వైపు నుంచి మళ్ళీ వాలేలోకి వచ్చింది. 2012లో మొదటి గుంపు పిల్లలు పెట్టింది. గొర్రెలు పెంచేవాళ్ళకు రాత్రులు నిద్ర లేదు. తోడేళ్ళను కాల్చడం సులువు చేసే చట్టాన్ని 2020 సెప్టెంబరులో జనం ఓటింగుకు పెడితే కొద్ది తేడాతో ఓడిపోయింది. పట్నాలు ఒకవైపు, కొండ పల్లెలు ఒకవైపు ఓటేశాయి.

మంచు కూడా మాట వినడం లేదు. 2022, 2023 రెండేళ్ళలోనే ఆ దేశపు మంచునదులు పదో వంతు కరిగిపోయాయి. 2018 ఎండలకు కొండల మీద ఊటలు ఎండితే ఆవులకు సైన్యం హెలికాప్టర్లతో నీళ్ళు మోసింది. 2025 మే 28న వాలేలోనే బ్లాటెన్ అనే పల్లె మీదికి కొండచరియ, మంచునది కలిసి విరిగిపడ్డాయి. ఊరు దాదాపుగా పూడిపోయింది. తొమ్మిది రోజుల ముందే ప్రమాదం పసిగట్టి సుమారు 300 మంది జనాన్ని, పశువులను ఖాళీ చేయించారు. దెబ్బ తగిలిన ఒక ఆవును హెలికాప్టరుకు కట్టి దించారు. ఒక్క మనిషి చనిపోయాడు. ఆ ఊరి జనం మళ్ళీ అక్కడే ఊరు కడతామంటున్నారు.

మంద దిగాక ఊళ్ళో పని తీరదు. ఆవులు ఊరి చుట్టూ గడ్డిమళ్ళలో మిగిలిన మొలకలు మేస్తుంటాయి. బంగాళదుంప తవ్వి లోపల పెట్టాలి, లోయలో ద్రాక్ష కోయాలి. పాత రోజుల్లోనైతే రై విత్తనం కూడా అప్పుడే చల్లేవారు. రై ధాన్యం దాచే గాదెలు చెక్క కాళ్ళ మీద నిలబడి ఉంటాయి. కాలికీ గాదెకూ మధ్య పళ్ళెంలాంటి గుండ్రటి రాతి పలక. ఎలుక కాలెక్కినా ఆ పలక దాటలేక కింద పడుతుంది. ఖర్చు ఒక రాయి. మనవాళ్ళు ఎవరన్నా చేసి చూడవచ్చు.

అక్టోబరులో పశువుల సంతలు జరుగుతాయి. రైతు ముందు కొట్టం అటక ఎక్కి గడ్డి ఎంత ఎత్తు వచ్చిందో చూసుకుంటాడు. 200 రోజులకు చాలదనుకుంటే ముసలి ఆవునో, పాలు తగ్గిన ఆవునో ఆ సంతకే తోలుకుపోతాడు. మిగిలినవాటిని కొట్టంలో కట్టేసి, పెద్ద గంటలు విప్పి గోడకు తగిలిస్తాడు.